పల్లె ప్రశాంతి యెవరిది?

పట్టణమున కాపురముండువారికి పల్లెటూరి నిశ్శబ్దముపై గల మక్కువ లోకమున కంతటికిని సామాన్యమే. వారమునకు ఆరు దినములు బండ్ల రొదలోను సెల్లుఫోను పిలుపులలోను గడపినవాడు ఏడవనాడు ఒక చెట్టునీడను, ఒక కాలువగట్టును కోరుట తప్పనువారు లేరు. మేమును తప్పనము. కాని యట్లు పోయి, ఒక పూట కూర్చుండి, "ఆహా, ఇక్కడ ఎంత ప్రశాంతముగా నున్నది!" అని పలికి తిరిగి వచ్చువాడు తాను పలికిన మాటకు అర్థమేమో విచారింపవలదా? ప్రశాంతి యనునది ఆ చోటిదా, చూచినవాని మనస్సుదా? ఆ చోటిదే యైనచో, అక్కడ నివసించువారందరికిని అది సమముగా లభించుచున్నదా? లభింపనిచో, దానిని అనుభవించి వచ్చినవానికి ఏమైన ఋణము కలదా? సెలవుదినపు ముచ్చటగా కనబడు ఈ విషయమున ధర్మవిచారమునకు చాలినంత చోటు కలదని మా యభిప్రాయము.

ఇంగ్లీషు చదువుకొన్న మనవారి మనస్సులలో ఒక లోయ యుండును. దానిని చూచినవారు పలువురు లేరు. పచ్చిక కప్పిన కొండలు, నడుమ ఒక సెలయేరు, రాతిగోడల చిన్న యిండ్లు, గొర్రెలమంద, సాయంకాలమున చర్చి గంట. చిన్ననాటి పాఠ్యపుస్తకములు దానిని మనలో నాటినవి. తెనాలిలో చదివినవాడును, బాపట్లలో చదివినవాడును, రేపల్లెలో చదివినవాడును ఆ లోయను తన సొంతయూరి కంటె స్పష్టముగా వర్ణింపగలడు. మన సీమ అరచేతివలె చదునైన డెల్టా భూమి. కొండ లేనిచోట లోయ యెక్కడిది? అయినను ఆ లోయను వెదకు కన్నులతోనే మన యూళ్లను చూచుట మనకు అలవాటైనది.

అట్లు చూచినను నిరాశ కలుగదు. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుబండిలో వేమూరును భట్టిప్రోలును దాటువరకు కిటికీవద్ద కూర్చున్నవానికి కొండలు లేని లోటు తెలియదు. మార్గశిరమాసమున వరి పండి వంగియుండును. కోతకు కొన్నాళ్ల ముందే ఆ వరిలో మినుమో పెసరో చల్లుదురు గనుక, పనలు తీసిన కొలది దినములకే మోళ్ల నడుమ క్రొత్త పచ్చదనము పరచుకొనును. కాలువనీటిలో తాడిచెట్ల నీడలు నిలిచియుండును. దూరమున ఒక ట్రాక్టరు చప్పుడు తప్ప వేరు సవ్వడి వినరాదు. బాపట్ల దాటి సూర్యలంక కేగినచో సరుగుడుతోటల గాలియు సముద్రపు హోరును; నిజాంపట్నపు వైపున మడ అడవుల నడుమ నెమ్మదిగా సాగు నీటిపాయలు. ఇవి కన్నులకు మేలు, మనస్సునకు మేలు. ఈ సంతోషము కపటమని యధిక్షేపించు విమర్శకులు కొందరు కలరు; వారితో మేము ఏకీభవింపము. ఆకలిగొన్నవాడు వంటచేసినవారి శ్రమ నెరుగకయే అన్నమును మెచ్చుకొనవచ్చును. అంతమాత్రమున అన్నపు రుచి అబద్ధము కాదు. కాని మెచ్చుకొన్న తరువాత నొకమారైనను వంటయింటివైపు చూడకపోవుట సంస్కారము కాదు.

మన పెద్దలు శాంతి యను మాటను ముమ్మారు పలుకు ఆచారము నేర్పరచిరి. దానికి వ్యాఖ్యాతలు చెప్పు కారణము సుప్రసిద్ధమే. తాపములు మూడు. తన దేహమునుండియు మనస్సునుండియు పుట్టునది ఆధ్యాత్మికము. తోడిమనుష్యులవలనను ఇతర ప్రాణులవలనను కలుగునది ఆధిభౌతికము. గాలి, వాన, వెల్లువ, పిడుగు మున్నగువానివలన కలుగునది ఆధిదైవికము. ఈ మూడును శమించిననే శాంతి. పట్టణమునుండి పోయినవానికి ఆ పూట లభించునది మొదటిది మాత్రమే. తక్కిన రెండింటితో అతనికి ఆ యూర ప్రసక్తి లేదు. తుఫాను వచ్చువేళకు అతడు పట్టణపు మేడలో నుండును. ఊరిలో కక్షలు రేగువేళకు మరియొక చోట నుండును. కావున తనకు లభించిన మూడవవంతును పూర్ణమని తలచి, దానిని ఊరికి బిరుదముగా తగిలించి వచ్చుచున్నాడు.

మనము పుస్తకములలో చూచిన ఇంగ్లీషు లోయయే పూర్ణశాంతికి నిలయమా యని ముందు విచారింతము. ఆ దేశమున డార్సెట్ సీమలో మిల్టన్ ఆబస్ అను గ్రామము కలదు. పచ్చని లోయలో, వీధి కిరువైపుల ఒకేతీరున కట్టిన తెల్లని గోడల పూరిండ్లు బారులుతీరి యుండును. చూడవచ్చినవారు దానిని ఆంగ్లగ్రామశాంతికి ఆదర్శమని మెచ్చుకొందురు. ఆ యందమునకు కారణ మేమి? పదునెనిమిదవ శతాబ్ది యుత్తరభాగమున మిల్టన్ ప్రభువు తన భవనము ముంగిట నున్న పాత యూరు తన దృష్టికి అడ్డముగా నున్నదని తలచెను. అంగడియు బడియు గల ఆ యూరును క్రమముగా కొని, పడగొట్టించి, ఆ చోటును ఉద్యానముగ మార్పించి, జనులలో కొందరికి మాత్రము కంటికి కనబడని లోయలో 1780 ప్రాంతమున ఈ క్రొత్త యిండ్లు కట్టించెను. అదే సీమలో టైనమ్ అను మరియొక లోయ కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 డిసెంబరులో, సైనికుల యభ్యాసమునకై అక్కడి జనులు, సుమారు 225 మంది, ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. యుద్ధము ముగిసినను వారికి తిరిగి వచ్చు భాగ్యము కలుగలేదు. నేడు అనుమతించిన దినములలో యాత్రికులు పోయి, కప్పులేని గోడల నడుమ తిరిగి, ఆ నిశ్శబ్దమును మెచ్చి వచ్చుచున్నారు. నిశ్శబ్దము నిజమే. మాటాడవలసినవారు అక్కడ లేరు గనుక అది నిశ్శబ్దము.

ఈ విషయమున గొప్ప కవి సైతము చిక్కుపడెను. వర్డ్స్‌వర్త్ తన సరస్సుల సీమకు రైలుమార్గము రానున్నదని విని 1844లో పద్యముతోను పత్రికాలేఖలతోను దానిని ప్రతిఘటించెను. ప్రకృతిసౌందర్యమును గ్రహించు రుచి దీర్ఘకాలపు సంస్కారమువలన కలుగునే గాని, మిల్లుకూలీలను గుంపులుగా బండ్ల కెక్కించి తెచ్చినంత మాత్రమున కలుగదని ఆయన వాదము. రైలు 1847లో విండర్మియరు వరకు వచ్చెను. కొండలకు గుంపులవలన కీడు కలుగునన్న భయమున సత్యము లేకపోలేదు. నేడు సూర్యలంక యిసుకలో ఆదివారపు జనులు విడిచిపోవు సీసాలను చూచినవారు ఆ కవిని పూర్తిగా నిందింపజాలరు. అయినను, వారమంతయు పొగలో పనిచేసినవానికి ఒకనాటి లోయ తగదనుట ధర్మము కాదు. ప్రశాంతి యెవరిది యను ప్రశ్నకు "రుచి యెరిగినవారిది" అని కవి చెప్పిన సమాధానము మనకు చాలదు.

ఇక మన సీమకు వత్తము. ఇక్కడి పచ్చదనము అనాదిసిద్ధ మని యాత్రికుడు తలచును. 1833 నాటి కరవున గుంటూరు సీమలో జనులు వేలకు వేలు రాలిపోయిరి. నందననామ సంవత్సరపు కరవని దానిని తరతరములు చెప్పుకొనిరి. ఆ భయంకరానుభవమునకు తరువాతనే ఆర్థర్ కాటన్ సూచించిన పథకము ననుసరించి కెప్టెన్ ఓర్ బెజవాడవద్ద కృష్ణ కడ్డముగా 1852 మొదలు 1855 వరకు ఆనకట్ట కట్టించెను. నేటి ప్రకాశం బ్యారేజి 1957లో దాని స్థానమున వచ్చినది. ఆ నీటిని పొలములకు చేర్చిన కాలువలను పారతో త్రవ్వి, తట్టతో మోసినవారు కూలిజనులు. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. భట్టిప్రోలులో బుద్ధుని ధాతువులపై కట్టిన స్తూపమొకటి కలదు. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు ధాతుకరండములును వానిపై ప్రాచీన బ్రాహ్మీశాసనములును బయల్పడెను. అంతకు ముందే ఆ స్తూపపు చలువరాళ్లు కొన్ని కాలువపనులకై వెల్లటూరు లాకునకు తరలిపోయెను. శాంతిని బోధించిన మహాత్ముని స్మారకపు రాళ్లు నీటిలో నిలిచినవి. ఆ నీటివలన అన్నము పండినది. ఇందు లాభమును నష్టమును తూచుట మా యుద్దేశము కాదు. మనము చూచు పచ్చని నిశ్శబ్దమునకు పూర్వము ఆకలియు, చెమటయు, కొన్ని నష్టములును గలవని గుర్తించిన చాలును.

ఆధిదైవిక తాపమును గూర్చి మన తీరగ్రామములకు ఒకరు బోధింపనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుఫాను దివిసీమను ముంచివేసినదని లోకమెల్ల నెరుగును. రేపల్లె, బాపట్ల తీరములును ఆ దెబ్బ తినినవి. ఆ యుప్పెనలో దాదాపు పదివేల మంది మరణించిరి. మేము ఆ తీరగ్రామములలో ఒకదాని కేగినపుడు వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధునితో మాలో ఒకరు ఆ చోటి ప్రశాంతిని గూర్చి ప్రశంసగా పలికిరి. ఆయన తల యెత్తి, "గాలి లేనప్పుడు ఇట్టాగే ఉంటది, పంతులుగారూ" అని మరల వలపై దృష్టి నిలిపెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. ప్రశాంతి యనగా ఆయనకు చోటుయొక్క స్వభావము కాదు. రెండు గాలుల నడుమ దొరకిన విరామము.

అయితే ఈ తాపమునకు దైవమే కర్త యని చేతులు ముడుచుకొనుట తగదని అనుభవము నేర్పినది. 1977 తరువాత తీరమున తుఫాను ఆశ్రయములు కట్టిరి. ముందుగా హెచ్చరించు పద్ధతి బాగుపడినది. జనులను తరలించుట ప్రభుత్వమునకు కర్తవ్యమైనది. 1990 మే 9న వచ్చిన తుఫాను మిక్కిలి ప్రబలమైనదే యైనను మృతులు వేయికి లోపుగానే యుండిరి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల చెంతనే తీరము దాటెను. చేతికంది వచ్చిన వరి నేలపాలైనది గాని, ప్రాణనష్టము పూర్వపు తుఫానులతో పోల్చదగినది కాదు. గాలి మారలేదు; మనుష్యుల పూనిక మారినది. కావున ఆధిదైవికమున సైతము మనుష్యధర్మమునకు పెద్ద పాలు కలదు. తీరమున విశ్రాంతికై పోవు పట్టణవాసి అక్కడి ఆశ్రయభవనము తలుపు తెరచుకొనునా, దానికి పోవు బాట వానలో నడువదగినదా యని యడిగినచో ఆతని విశ్రాంతికి భంగము రాదు.

ఆధిభౌతికమును గూర్చి పలుకుటకు ఎక్కువ ధైర్యము కావలయును. తెనాలినుండి బాపట్లకు పోవు దారిలో చుండూరు స్టేషను కలదు. బండిలోనుండి చూచువానికి అదియు తక్కిన యూళ్లవంటిదే: వరిచేలు, కాలువ, చెట్లు, ఇండ్లు. 1991లో అక్కడ సినిమాహాలులో పుట్టిన ఒక చిన్న తగవు పెరిగి, దళితులను పొలముపనులకు పిలువక వెలివేయువరకు వచ్చెను. ఆగస్టు 6వ తేదీన అగ్రవర్ణములవారి గుంపులు వారిని పొలములవెంట తరిమి ఎనమండ్రను చంపెను. శవములు కొన్ని గోనెసంచులలో కట్టబడి కాలువలో దొరకెను. ఏ చేలను చూచి యాత్రికుడు ప్రశాంతి యనునో, ఆ చేలలోనే అవి జరిగెను. మృతులను వారివారు ఊరినడుమనే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరిడిరి. ప్రత్యేక న్యాయస్థానము ఆ యూరిలోనే కూర్చుండి విచారణ జరిపి, 2007 జులై 31న 21 మందికి యావజ్జీవశిక్షయు, 35 మందికి ఒక సంవత్సరపు శిక్షయు విధించెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. ఎనమండ్రు చనిపోయినమాట మాత్రము ఏ తీర్పుచేతను కొట్టివేయబడదు.

బాపట్ల దాటిన పిమ్మట స్టువార్టుపురము వచ్చును. నేరస్థజాతులను చట్టముక్రింద ఎరుకలవారిని ఒకచోట చేర్చుటకై 1913, 1914 ప్రాంతమున ఏర్పడిన ఊరది. ఆ చట్టము రద్దగువరకు, పుట్టుకయే నేరముగా, వారు హాజరు పలుకవలసియుండెను. చుట్టుపట్ల గ్రామములవారు నిశ్చింతగా నిద్రించుటకై వీరు రాత్రివేళ తమ పేర్లు పిలువగా పలుకవలసివచ్చెను. ఒకరి ప్రశాంతికి మరియొకరి నిద్ర మూల్యమగుట యిట్లుండును.

ఇట్టి సంగతులను త్రవ్వి తీయుటవలన మానిన పుండ్లు రేగునని, ఊరు ప్రశాంతముగా నున్నప్పుడు ప్రశాంతముగానే యుండనిండని కొందరు పెద్దమనుష్యులు హితము చెప్పుదురు. వారిలో సద్బుద్ధి గలవారు లేకపోలేదు. తగవులు నిరంతరము రగులుచుండుట ఎవరికిని మేలు కాదు. కాని మౌనమునకును శాంతికిని భేదము కలదు. రెండును బయటివాని చెవికి ఒకటిగానే వినబడును. ఒక యింటిలో కోడలు నోరెత్తదని అత్తగారు పొగడినచో, ఆ యిల్లు శాంతినిలయమా, కోడలికి మాటాడు హక్కు లేదా యని మన సంస్కర్తలు నూరేండ్లకు పూర్వమే యడిగిరి. ఊరిని గూర్చియు ఆ ప్రశ్నయే యడుగవలయును. ఏ ఊరిలో అందరికంటె బలహీనుడు తన కష్టమును బిగ్గరగా చెప్పి, మరునాడు పనికి పిలువబడునో, ఆ ఊరిలో నిశ్శబ్దమున్నప్పుడు అది శాంతి. చెప్పినవానికి కూలి పోవు ఊరిలో నిశ్శబ్దము భయము. ఈ పరీక్షకు యంత్రములు అక్కరలేదు. ఊరి చివర పేటలో ఒక పూట గడపి, వారు చెప్పునది విన్న చాలును.

పగలంతయు శ్రమించి ఒకనాటి విశ్రాంతికై పోయినవాడు ప్రతియూరి చరిత్రయు విచారింపవలెననుట అతిశయోక్తి కాదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. విశ్రాంతి మానుమని మే మనుట లేదు. మే మడుగునది మూడు చిన్నపనులు. మొదటిది: తనకు కలిగిన సుఖమును తన సుఖముగానే చెప్పుట, "నాకు హాయిగా నున్నది" అనుట సత్యము, "ఈ యూర అందరును హాయిగా నున్నారు" అనుట విచారింపని మాట. రెండవది: పేదవాని యెదుట ఆతని పేదరికమును నిరాడంబరత యని పొగడకుండుట. నీటికై బిందెతో దూరము నడచు స్త్రీని చిత్రపటమువలె చూచి యానందించువాడు తన యింటి కుళాయిని ముందుగా విప్పివేయవలసియుండును. మూడవది: తిరిగి వచ్చినపిదప ఆ యూరిని మరువకుండుట. ఓటు వేయునప్పుడును, పత్రికకు వ్రాయునప్పుడును, కార్యాలయమున దస్త్రము ముందునకు వచ్చినపుడును, చూచిన ఊరు జ్ఞప్తికి వచ్చినచో ఆ యాత్ర సార్థకము.

ఉపాధ్యాయులకు నాలుగవ పని యొకటి అదనముగా కలదు. "పల్లెటూరి జీవితము" అను శీర్షికపై వ్యాసము వ్రాయని విద్యార్థి మన సీమలో లేడు. పచ్చని పొలములు, స్వచ్ఛమైన గాలి, కల్లాకపటము లేని జనులు, ఊరంతయు ఒకే కుటుంబము: ఈ వాక్యములు ఒక తరమునుండి మరియొక తరమునకు చెక్కుచెదరక వచ్చుచున్నవి. ఊరి చివరి పేటనుండి వచ్చు పిల్లవాడును ఆ వాక్యములనే వ్రాయును. పండుగనాడు ఏ వీధిలోనికి పోరాదో వానికి తెలియును. అయినను ఊరంతయు ఒకే కుటుంబమని వ్రాసి మార్కులు పొందును. ఆ వాక్యము రాసిన చేయి పిల్లవానిది, ఆ వాక్యమును కోరినది మన చదువు. చూడని లోయను వర్ణించుట నేర్పిన బడి, చూచిన యూరిని ఉన్నదున్నట్లు చెప్పుట నేర్పకపోయెను. "మీ యింటినుండి బడివరకు గల బాటను వర్ణింపుము" అని యొకమారు వ్రాయింపుడు. నలుబది కాగితములలో నలుబది యూళ్లు కనబడును. వానిలో అందమును కనబడును, అన్యాయమును కనబడును. రెండింటిని ఒకేచేతితో వ్రాయగల పిల్లవాడు పెద్దవాడైనపుడు పల్లెను ద్వేషింపడు, పూజింపడు. దానిని బాగుచేయుటకు పూనుకొనును.

పల్లెకు పోవుట మానవలదు. కాలువగట్టున కూర్చుండుట మానవలదు. మినుముచేల పచ్చదనమును, సరుగుడుగాలిని, చలికాలపు ప్రాతఃకాలమున పొలములపై నిలుచు మంచును మనసార మెచ్చుకొనుడు. మెచ్చుకొను వేళ శాంతి యను మాట నోట వచ్చినచో, పెద్దలు చెప్పినట్లు దానిని ముమ్మారు పలుకుడు. మొదటిసారి తమకై పలికినది ఎట్లును ఫలించుచున్నది. రెండవసారి పలుకునపుడు చుండూరును, మూడవసారి పలుకునపుడు ఆ తీరమున వల బాగుచేసికొనువానిని తలచుకొనుడు. ఆ రెండును ఫలించుటకు మంత్రము చాలదు. మన చేతులును కావలయును.